వెనక కారులో ఉండే మెదడు
రోజుల తరబడి నిద్ర లేకుండా సాగే సైకిల్ పందెంలో కాళ్ల కన్నా ముందు మోసం చేసేది బుర్రే. ఆగాలో సాగాలో తేల్చాల్సింది వెంట ఉన్నవాళ్లు

1983 ఆగస్టు 8, తెల్లవారుజాము. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో హైగ్లర్ అనే చిన్న ఊరి దగ్గర, నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు మీద మైకేల్ షెర్మర్ సైకిల్ తొక్కుతున్నారు. కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలతో ఓ పెద్ద వాహనం పక్కకొచ్చి ఆయన్ని ఆపింది. అందులోంచి దిగినవాళ్లు తన మనుషుల రూపంలో వచ్చిన గ్రహాంతరవాసులని షెర్మర్‌కు గట్టిగా అనిపించింది. తనను ఎత్తుకుపోతున్నారనే అనుకున్నారు. నిజానికి ఆ వాహనం ఆయన సహాయక బృందానిదే. వాళ్లు చేసిందల్లా ఆయన్ని లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టడమే. అప్పటికి 83 గంటలుగా కంటి మీద కునుకు లేకుండా 2,000 కిలోమీటర్లకు పైగా తొక్కిన మనిషాయన. గంటన్నర నిద్రపోయి లేచేసరికి గ్రహాంతరవాసులు మాయమై సొంత మనుషులు కనిపించారు.

తర్వాతి కాలంలో షెర్మర్ మూఢనమ్మకాలను నిలదీసే 'స్కెప్టిక్' పత్రికను స్థాపించి పేరు తెచ్చుకున్నారు. మనుషులు లేనిపోనివి ఎందుకు నమ్ముతారో వివరించడానికి ఆయన ఈ కథను పలుమార్లు చెప్పారు. అయితే సైక్లింగ్ వరకూ ఈ ఉదంతంలో అసలు విశేషం గ్రహాంతరవాసులు కాదు. ఆ రాత్రి షెర్మర్ బుర్ర ఎవరిని శత్రువులుగా చూపించిందన్నది. తిండి పెట్టేవాళ్లను, దారి తప్పకుండా చూసేవాళ్లను, ఎప్పుడు పడుకోవాలో చెప్పేవాళ్లను. అలాంటి క్షణంలో తన బుర్ర మాట వినాలా, వాళ్ల మాట వినాలా అన్నదే ఈ రకం పందేల్లో అసలు పరీక్ష.

షెర్మర్ పాల్గొన్నది రేస్ అక్రాస్ అమెరికాలో. పొట్టిగా రామ్ అంటారు. 1982లో అది కేవలం నలుగురితో మొదలైంది. జాన్ మరీనో, లాన్ హాల్డెమన్, జాన్ హోవర్డ్, షెర్మర్ కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరం నుంచి న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం దాకా పోటీ పడ్డారు. 9 రోజుల 20 గంటల్లో చేరుకున్న హాల్డెమన్ గెలిచారు. తర్వాత దారులు మారాయి గానీ పద్ధతి మారలేదు. పశ్చిమ తీరంలో మొదలై తూర్పు తీరంలో ముగిసే దాదాపు 4,800 కిలోమీటర్ల ప్రయాణమిది. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు మీద ఉన్న దూరం కన్నా సుమారు వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. ఒంటరిగా తొక్కే 50 ఏళ్ల లోపు పురుషులకు గడువు 12 రోజులు.

సైకిల్ పోటీ అనగానే చాలామందికి గుర్తొచ్చే టూర్ డి ఫ్రాన్స్‌తో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. ఆ పోటీ మూడు వారాల పాటు 21 దశల్లో, సుమారు 3,400 కిలోమీటర్లు సాగుతుంది. సాయంత్రమైతే హోటల్, మర్దన, భోజనం, నిద్ర. రామ్‌లో దశలే లేవు. బయల్దేరిన క్షణం నుంచి గడియారం ఆగదు. పడుకున్న ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది. గడువులోపు చేరాలంటే రోజుకు సగటున 400 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఉన్నంత దూరం, వరుసగా 12 రోజులు తొక్కాలి. అందుకే ముందువరుసలో ఉండేవాళ్లు రోజుకు గంట, గంటన్నర మాత్రమే నిద్రపోతారు.

దారి కూడా దయ చూపదు. మొదట్లోనే 40 డిగ్రీలు దాటే ఎడారి ఎండ. ఆ తర్వాత కొలరాడోలో 3,300 మీటర్ల ఎత్తున్న వుల్ఫ్ క్రీక్ కనుమ. కాన్సస్ మైదానాల్లో పక్క నుంచి తోసేసే గాలులు. ఒంట్లో ఓపిక పూర్తిగా హరించుకుపోయాక అపలేచియన్ కొండల ఎగుడుదిగుళ్లు. మొత్తమ్మీద ఎక్కాల్సిన ఎత్తు ఎవరెస్టుకు ఐదు రెట్లు దాటుతుంది. రోజుల తరబడి ముందుకు వంగి తల పైకెత్తి ఉంచడం వల్ల కొందరికి మెడ కండరాలు చచ్చుబడిపోతాయి. తల నిలబడదు, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. రోడ్డు కనబడటానికి కొందరు గడ్డం కింద చెయ్యి ఆనించుకుంటారు. మరికొందరికి బృంద సభ్యులు పట్టీలు, ఊచలతో తలకు ఊతం కడతారు. ఈ అవస్థకు 'షెర్మర్ మెడ' అన్న పేరే స్థిరపడింది.

అయినా శరీరం పెట్టే కష్టం కంటికి కనిపిస్తుంది. మెదడు చేసే మోసం అలా కనిపించదు. ఈ పోటీని ఐదుసార్లు గెలిచిన స్లొవేనియా సైనికుడు యూరే రోబిచ్ సంగతే చూడండి. పోటీ మూడో రోజుకల్లా నల్లటి గడ్డాలతో గుర్రాల మీద వచ్చే సాయుధులు తనను తరుముతున్నట్టు ఆయనకు కనిపించేది. వాళ్లు కాల్పులు జరుపుతున్నారనుకుని మరింత వేగంగా తొక్కేవారు. రోడ్డు పక్కన ఇళ్ల ముందుండే పోస్టు డబ్బాలను శత్రువులనుకుని సైకిల్ దిగి వాటితో తలపడిన సందర్భాలూ ఉన్నాయి. ఏడుపు, కోపం, అనుమానం ఆయన్ని మార్చి మార్చి కుదిపేసేవి. ఈ విషయాలను రోబిచ్ దాచుకోలేదు. తనకు ఏమవుతుందో తెలుసు కాబట్టే, పోటీ మొదలయ్యాక నిర్ణయాలన్నీ బృందానికే వదిలేసేవారు. ఎప్పుడు తినాలో, ఎంతసేపు పడుకోవాలో, ఎంత వేగంతో వెళ్లాలో వెనక కారులో ఉన్నవాళ్లు చెప్పేవారు. తొక్కడం ఒక్కటే ఆయన వంతు.

ఇలా బుర్రను అప్పగించడం వినడానికి తేలికే. స్వయంకృషి, పట్టుదల, ఒంటరి పోరాటం అంటూ మనం పొగిడే గుణాలన్నింటికీ ఇది విరుద్ధం. 'నా సంగతి నాకు తెలుసు' అనే అహం ఉన్నవాడే ఇలాంటి పోటీకి సిద్ధపడతాడు. కానీ నాలుగో రోజుకు ఆ 'నాకు తెలుసు' అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదకరమవుతుంది. అందుకే అనుభవజ్ఞులు పోటీకి ముందే, బుర్ర నిలకడగా ఉన్నప్పుడే బృందంతో ఒప్పందం చేసుకుంటారు. నేను తిట్టినా పట్టించుకోవద్దు, ఆపేస్తానన్నా ఒక పట్టాన వినొద్దు, అయితే ఆపాల్సినప్పుడు మాత్రం నేను ఎంత మొండికేసినా ఆపండి అని.

ఆ చివరి షరతులోనే అసలు చిక్కంతా ఉంది. ఆపాల్సిన సమయం ఏదో తేల్చేదెవరు? వంతులవారీగా కారు నడుపుతూ, తిండి కలుపుతూ, దారి చూస్తూ ఉండే బృందానికీ సరైన నిద్ర ఉండదు. ఏడాదిపాటు పడిన శ్రమ, ఖర్చయిన లక్షలు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు, ఇవన్నీ 'ఇంకొంచెం చూద్దాం' అనిపిస్తాయి. సైక్లిస్టును ముందుకు తోయాల్సిందీ వాళ్లే, చెయ్యి పట్టి ఆపాల్సిందీ వాళ్లే. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయడం ఎంత కష్టమో పిల్లలను పరీక్షలకు చదివించే ఏ తల్లినడిగినా చెబుతుంది.

పైగా ఇది మైదానంలో జరిగే ఆట కాదు. లారీలు, కార్లు తిరిగే మామూలు రోడ్లే ఆటస్థలం. రామ్‌లో 2003లో బ్రెట్ మాలిన్, 2005లో బాబ్ బ్రీడ్‌లవ్ వాహన ప్రమాదాల్లో ప్రాణాలు కోల్పోయారు. 2006లో నిర్వాహకులు కనీసం 40 గంటలు సైకిల్ దిగి విశ్రాంతి తీసుకోవాలన్న నిబంధనతో ప్రత్యేక విభాగాన్ని ప్రవేశపెట్టారు. అది నిలదొక్కుకోలేదు. నిద్రను పణంగా పెట్టడమే ఈ పందేనికి ఆకర్షణ అని పోటీదారులు అనుకున్నంత కాలం నిబంధనలు చేయగలిగింది కొంతే. రోబిచ్ కూడా 2010లో ఐదోసారి గెలిచిన కొన్ని నెలలకే, స్వదేశంలో సాధన చేస్తుండగా కారు ఢీకొని మరణించారు.

ఆగడం ఓటమి కాదనడానికి ఈ పోటీ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. ఆస్ట్రియాకు చెందిన క్రిస్టఫ్ స్ట్రాసర్ 2014లో 7 రోజుల 15 గంటల 56 నిమిషాల్లో గమ్యం చేరి రికార్డు సృష్టించారు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల సమస్య తలెత్తడంతో మధ్యలో తప్పుకున్నారు. రికార్డు వీరుడినన్న భ్రమతో మొండిగా సాగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఆగారు కాబట్టే 2017, 2018, 2019లలో వరుసగా గెలిచి మొత్తం ఆరు విజయాలు మూటగట్టుకున్నారు. ఇక 2021లో తీవ్రమైన వేడి మధ్య జరిగిన పోటీలో 52 ఏళ్ల కెనడా సైక్లిస్టు లియా గోల్డ్‌స్టీన్ పురుషులనూ దాటి ప్రథమ స్థానంలో నిలిచారు. ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆమే. ఆమెకు పట్టిన సమయం 11 రోజుల 3 గంటలు. స్ట్రాసర్ రికార్డు కన్నా దాదాపు మూడున్నర రోజులు ఎక్కువ. ఆ ఏడాది గెలిచింది వేగం కాదు, నిలకడ.

ఈ పోటీలో భారతీయుల కథ ఆలస్యంగా మొదలైంది. 2010లో బెంగళూరుకు చెందిన సమీమ్ రిజ్వీ బరిలోకి దిగిన తొలి భారతీయుడయ్యారు. 2015లో నాసిక్ సోదరులు హితేంద్ర, మహేంద్ర మహాజన్ ఇద్దరు సభ్యుల జట్టుగా వంతులు వేసుకుని తొక్కి గమ్యం చేరారు. ఒంటరిగా పూర్తిచేసిన తొలి భారతీయుడిగా 2017లో లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్ చరిత్రకెక్కారు. ఆయనకు 11 రోజుల 18 గంటల 45 నిమిషాలు పట్టింది. గడువుకు మిగిలింది ఐదు గంటలు మాత్రమే. అదే పోటీలో రెండున్నర గంటల తేడాతో నాగపూర్‌కు చెందిన అమిత్ సమర్థ్ కూడా చేరారు. మహాజన్ సోదరులు, గోకుల్‌నాథ్, సమర్థ్ అందరూ వైద్యులే కావడం విశేషం. రాత్రి డ్యూటీల్లో నిద్ర లేకుండా నిర్ణయాలు తీసుకోవడమంటే ఏమిటో, అలసిన మెదడు ఎక్కడ పొరబడుతుందో వాళ్లకు వృత్తిరీత్యా తెలిసిన సంగతే.

రామ్ దాకా వెళ్లేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. కానీ ఆ నిద్రలేమి రుచి చూస్తున్నవారు ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉన్నారు. హైదరాబాద్‌తో సహా అనేక నగరాల్లో జరిగే బ్రెవేలలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో పూర్తిచేయాలి. ఇవి పోటీలు కావు, ర్యాంకులుండవు. పైగా వెనక సహాయక వాహనం ఉండదు. ఐటీ ఉద్యోగి, టీచర్, బ్యాంకు అధికారి శనివారం తెల్లవారుజామున బయల్దేరి, ఆ రాత్రంతా హైవే మీద లారీల పక్కన తొక్కుతారు. అర్ధరాత్రి దాటాక కళ్లు మూతలు పడుతుంటే 'ఇంకో 20 కిలోమీటర్లేగా' అనిపించే క్షణంలో, కాదని చెప్పేవాళ్లెవరూ పక్కనుండరు. దాబా ముందు నులకమంచం కనబడగానే అరగంట నడుం వాల్చడం వాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

విదేశాల్లోనూ సహాయకులు లేకుండా తొక్కే పోటీలకు ఇప్పుడు ఆదరణ పెరిగింది. బ్రిటన్‌కు చెందిన మైక్ హాల్ 2013లో ప్రారంభించిన ట్రాన్స్‌కాంటినెంటల్ రేసులో ఐరోపా ఖండాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు ఎవరి సాయమూ లేకుండా దాటాలి. తిండి, నిద్ర, దారి, మరమ్మతు అన్నీ స్వయంగా చూసుకోవాల్సిందే. అదే తరహాలో 2017లో ఆస్ట్రేలియాలో జరిగిన పోటీలో రెండో స్థానంలో దూసుకెళ్తున్న హాల్, కాన్‌బెర్రా సమీపంలో తెల్లవారకముందే కారు ఢీకొని మరణించారు. పోటీని అర్ధాంతరంగా నిలిపేశారు.

అదే ట్రాన్స్‌కాంటినెంటల్‌ను 2022, 2023లలో గెలిచిందెవరో కాదు, స్ట్రాసరే. ఏళ్ల తరబడి బృందం మాట విని తొక్కిన మనిషి, బృందమే లేని పోటీలోనూ నెగ్గారు. వెనక కారులోంచి వినిపించే గొంతును అన్నేళ్లలో ఆయన తనలోనే పెంచుకుని ఉంటారు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ఆ గొంతు వినిపించేంత వరకూ ఒంటరిగా వెళ్లడం సాహసం అనిపించుకోదు. ఆ రాత్రి నెబ్రాస్కాలో షెర్మర్‌కు ఆ గొంతు లేదు. ఆయన్ని ఎత్తుకుపోయి కాపాడటానికి గ్రహాంతరవాసులు రావాల్సి వచ్చింది.