సబ్మిట్ బటన్ వెనక ఏముంది?

అమీన్‌పూర్, బీరంగూడల్లో అద్దె గదుల్లో ఉంటూ ఐటీ ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్న ఇంజినీరింగ్ పట్టభద్రులు ఎందరో. చాలామంది రెజ్యూమెలో ‘ఫుల్ స్టాక్’ అని ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫారం చకచకా తయారుచేసేస్తారు. కానీ ‘సబ్మిట్ నొక్కాక సర్వర్‌కు ఏం వెళ్తుంది?’ అని అడిగితే తడబడతారు.

ఇది ఇంటర్వ్యూ ప్రశ్న మాత్రమే కాదు. పక్కనే ఉన్న పటాన్‌చెరు ఫార్మా పరిశ్రమలకు పేరు. ఔషధ పరిశ్రమ సహా 17 రకాల కాలుష్య కారక పరిశ్రమలు ఆన్‌లైన్ పర్యవేక్షణ పరికరాలు పెట్టుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ రీడింగులు వాటంతటవే సర్వర్లకు చేరాలి. అక్కడ బటన్ నొక్కే మనిషి ఉండడు. డేటా పంపాల్సింది, వచ్చిన జవాబు చదువుకోవాల్సింది ప్రోగ్రామే.

ఈ పని అర్థం కావాలంటే కర్ల్‌తో మొదలుపెట్టండి. స్వీడన్‌కు చెందిన డానియెల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో విడుదల చేసిన ఉచిత సాధనం ఇది. 2018 నుంచి విండోస్ 10తో పాటే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్‌లో కర్ల్ అని టైప్ చేసి, ‘హైఫన్ డి’ తర్వాత ఫీల్డు పేరు, ఈక్వల్ గుర్తు, విలువ కొటేషన్లలో రాసి, సర్వర్ చిరునామా ఇవ్వండి. అంతే, పోస్ట్ రిక్వెస్ట్ వెళ్లిపోతుంది. ఫీల్డులు రెండుంటే మధ్యలో యాంపర్‌సాండ్ పెట్టాలి. ఫైలు పంపాలంటే ‘హైఫన్ పెద్ద ఎఫ్’. ‘హైఫన్ వి’ చేరిస్తే వెళ్లిన హెడర్లు, వచ్చిన జవాబు తెర మీద కనిపిస్తాయి.

తేడా వచ్చినప్పుడే అసలు పాఠం. ఫోన్ నంబరును +91తో పంపి చూడండి. సర్వర్ దగ్గర ప్లస్ పోయి ఖాళీ మిగులుతుంది, ఎందుకంటే ఫారం డేటాలో ప్లస్ అంటే ఖాళీ అనే అర్థం. కంపెనీ పేరులో యాంపర్‌సాండ్ ఉంటే పేరు అక్కడే తెగిపోతుంది. ‘డేటా యూఆర్ఎల్ఎన్‌కోడ్’ ఆప్షన్ వాడితే రెండూ సరిగ్గా చేరతాయి. ఇన్నాళ్లూ బ్రౌజర్ మనకు చెప్పకుండా చేసిపెట్టిన పని ఇదే.

ఇంకోటి. ‘వయసు 18 దాటాలి’ అనే తనిఖీ వెబ్ పేజీలో మాత్రమే ఉంటే, కర్ల్‌తో 5 అని పంపినా సర్వర్ తీసుకుంటుంది. తనిఖీ సర్వర్‌లోనూ ఎందుకు ఉండాలో పది స్లైడ్లు చెప్పలేనిది ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. అయితే ఇవన్నీ మీ సొంత సర్వర్ మీదే చేయండి. అనుమతి లేకుండా ఇతరుల వ్యవస్థల్లో వేలు పెడితే ఐటీ చట్టం, 2000 వర్తిస్తుంది.

కాలేజీలు ల్యాబ్‌ను ఫారం డిజైన్ దగ్గరే ఆపేయకూడదు. ఒక్క పూట దీనికి కేటాయిస్తే చాలు, ఖర్చేమీ లేదు. కాలేజీ చెప్పలేదా? రెజ్యూమెలో మరో కోర్సు పేరు చేర్చే ముందు, మీరు తయారుచేసిన ఫారానికే కర్ల్‌తో ఒక రిక్వెస్ట్ పంపి చూడండి.