ఏడునాళ్ల ఉత్సవము – ఏడాది పస్తు

ఉత్సవము చేసినంత మాత్రమున గుడి నిలువదు. బ్రహ్మోత్సవము కొన్ని దినములే. నిత్యదీపము, నిత్యనైవేద్యము మాత్రము ఏడాది పొడుగునను నడువవలెను. మున్నూటయరువది దినములు గర్భగుడిని చీకటిలో నుంచి, ఏటికొకసారి రథము లాగి మురిసిపోవు గ్రామస్థులను ఎవ్వరును భక్తులనరు. ఈ చిన్న సత్యము దేవాలయముల విషయమున మనవారికి చక్కగా తెలియును. నాటకశాల విషయమున మాత్రము తెలియనట్లు నటించుచున్నారు. రంగస్థలముమీద నటన తగ్గిపోవుచున్నదని దుఃఖించువారు సభలలో చేయుచున్న ఈ నటనను గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

2023వ సంవత్సరము డిసెంబరు 23 మొదలు 29 వరకు గుంటూరు నగరమున శ్రీ వేంకటేశ్వర విజ్ఞానమందిరమునందు నంది నాటకోత్సవములు జరిగినవి. 1998లో ప్రభుత్వమువారు ఆరంభించిన ఈ పోటీలు కొన్నేండ్లు నిలిచిపోయి మరల జరిగినవి. పద్యనాటకములు, సాంఘిక నాటకములు, నాటికలు, బాలల నాటికలు, కళాశాల విద్యార్థుల నాటికలు వరుసగా ఏడు దినములు ప్రదర్శింపబడినవి. ప్రోత్సాహములేక క్రుంగియున్న నటకులకు ఆ వారము పండుగయే. ఉత్సవము జరిపినందులకు మేము నిందింపము; జరుగకపోయినచో నిందింతుము. కాని మా ప్రశ్న ఎనిమిదవనాటిని గూర్చి. బహుమతులందుకొని, రంగు కడుగుకొని, పెట్టెలు కట్టుకొని ఆ నటకులు తమ తమ యూళ్లకు చేరిన పిమ్మట, ఆ నాటకమునే మరల నాడుటకు వారి యూళ్లలో మందిరమేది? ఆడినను టిక్కెట్టుకొని చూచువారెందరు? ఏడు దినముల వైభవము సరే. మిగిలిన మున్నూట యేబదియెనిమిది దినముల మాటయేమి?

ఈ దోషము నేటిది కాదు, ఒక్క ప్రభుత్వముదియు కాదు. 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసినది. దాని వెనుక ఊరూరను పరిషత్తులు బయలుదేరినవి. అవి లేకున్న తెలుగు నాటకము ఎన్నడో అడుగంటెడిదని ఒప్పుకొనెదము. ఆ పందిళ్లలో గొప్ప నటకులు పుట్టిరి, గొప్ప రచనలు వచ్చినవి. కాని కాలక్రమమున ఔషధమే ఆహారమైనది. నాటకము ప్రజలకొరకు గాక న్యాయనిర్ణేతలకొరకు వ్రాయబడుచున్నది. గంటసేపటిలో ముగియవలెను, వేదిక క్షణములలో అమర్పబడి క్షణములలో ఎత్తబడవలెను. నెలలతరబడి అభ్యాసము చేసిన నాటిక నాలుగు పోటీలలో ఆడి అటకెక్కుచున్నది. ముందువరుసలో కూర్చున్న ముగ్గురి మెప్పే పరమావధియైనప్పుడు వెనుకవరుసలోని మూడువందలమంది ఎందులకు వత్తురు? రాలేదని వారిని తూలనాడుట ఏమి న్యాయము?

ఇక మా సీమకు రండు. కన్నడదేశపు టెల్లనానుకొనియున్న రామసముద్రము మొదలుకొని పుంగనూరు, కుప్పము వరకును, చిత్తూరు సీమయందంతటను ధర్మరాజుల గుళ్లు, ద్రౌపదమ్మ గుళ్లు గలవు. అక్కడ భారతము జరిగినప్పుడు పదునెనిమిది దినములు ఊరు ఊరంతయు నాటకశాలయే. పగలు భాగవతారు భారతకథను చెప్పును. రాత్రి ఆ కథనే వీధినాటకముగా నాడుదురు. ద్రౌపదీ కల్యాణము, వస్త్రాపహరణము, కీచకవధ, కృష్ణరాయబారము, అభిమన్యువధ – రాత్రికొక కథ, తెల్లవారుజాముదాక మద్దెల ఆగదు. అర్జునుని తపస్సునాడు వేషధారి పద్యములు పాడుచు మెట్టుమెట్టునకు నిలుచుచు ఆకాశమంటు తపసుమాను నెక్కును. పైనుండి అతడు విసరు నిమ్మపండ్లకొరకు క్రిందనున్న వేలజనము చేతులు చాచుదురు. చివరనాడు నేలమీద మట్టితో మలచిన మహాకాయుని చుట్టును భీమదుర్యోధనులు గదలతో తిరుగుదురు, తొడ విరుగును, ద్రౌపది కురులు ముడిచికొనును, సాయంకాలము జనులు గుండము త్రొక్కుదురు.

దీనికి వ్యయమెవ్వరు పెట్టుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానమే మా వాదమునకు ప్రాణము. గడపగడపకు చందా వేసికొని గ్రామస్థులే పెట్టుచున్నారు. వేరుసెనగ పండని యేటను, చెరువు నిండని యేటను, టొమేటో పంటకు కోతకూలి సైతము గిట్టని యేటను ఆ చందా ఇచ్చిన రైతులు ఈ సీమలో గలరు. భారతము జరిగిన యేడు వానలు కురియునని వారి నమ్మకము. ఆ నమ్మకమును చదువుకొన్నవారు పరిహసింపవచ్చును. కాని నటకునికి కూలి ముట్టవలెనని, మద్దెలవానికి అన్నము పెట్టవలెనని, నాటకము ఊరిబాధ్యతయని ఆ నిరక్షరకుక్షులకు తెలిసినంత మన పట్టభద్రులకు తెలిసినదా?

అక్కడ సర్వము బాగున్నదని మేము చెప్పుటలేదు. రాత్రి రారాజుగా మీసము మెలివేసినవాడు ఉదయము కూలికి పోవుచున్నాడు. పాటలు నేర్చుకొను పిల్లలు తగ్గుచున్నారు. చేతిలోని ఫోనునకు లొంగిన కన్ను తెల్లవార్లు మేలుకొనలేకున్నది. అయినను ఒక మాట నిజము: పల్లె తన నాటకమును తానే పోషించుచున్నది. పట్టణము ఎవరో పోషింతురని ఎదురుచూచుచున్నది.

పట్టణవాసి సంగతి చూడుడు. సినిమాకు కుటుంబముతో వెళ్లి, టిక్కెట్టునకును తినుబండారములకును వేయిరూపాయలు వెచ్చించి, బాగులేకున్నను నోరుమూసికొని వచ్చును. ఆ వీధిలోనే నాటకమున్నదన్నచో అతని మొదటి ప్రశ్న: “పాసులున్నవా?” ఉచితముగా చూచుట అతనికి హక్కు, మధ్యలో లేచిపోవుట అతనికి స్వాతంత్ర్యము, నాటకము చచ్చిపోయినదని మరునాడు పఠనమందిరములో నిట్టూర్చుట అతనికి దేశభక్తి! వెలలేనిదానికి విలువలేదన్న లోకజ్ఞానము కూరగాయల బజారులో ఉన్నది. సాహిత్యసభలలో లేకపోవుట విచిత్రము.

సినిమా వచ్చి నాటకమును చంపినదని కొందరు సమాధానము చెప్పుదురు. ఇది సోమరుల సాకు. 1913లో ఫాల్కే తీసిన చిత్రముతో సినిమా పుట్టినది బొంబాయిలోనే గదా! అదే మహారాష్ట్రమున నేటికిని జనులు డబ్బిచ్చి టిక్కెట్టుకొని నాటకములు చూచుచున్నారు. సంగీతనాటకమునకు రాజైన బాలగంధర్వుని పేర పుణె నగరపాలక సంస్థవారు 1968లో రంగమందిరము కట్టిరి. అంతదూరమేల? మదనపల్లెనుండి మన బిడ్డలు ఉద్యోగములకై పోవుచున్న బెంగుళూరును చూడుడు. నటుడు శంకర్ నాగ్ స్మారకముగా ఆయన భార్య అరుంధతీ నాగ్ మున్నగువారు 2004లో రంగశంకరను తెరచిరి. సోమవారపు సెలవు దప్ప అక్కడ దినదినమును నాటకమే వారి నియమము. వేళకు తలుపు మూయుదురు. ఆలసించినవాడు ఎంతవాడైనను బయటనే.

అది మహానగరము, మనకు సాధ్యముకాదందురా? షిమోగా జిల్లాలో హెగ్గోడు అను పల్లె యున్నది. పోకచెట్ల నడుమ కె.వి. సుబ్బణ్ణ ప్రభృతులు 1949లో నీనాసం అను సంఘమును స్థాపించిరి. అది నాటకశాల కట్టినది, నాటకవిద్యాలయము నడిపినది, 1985నుండి ‘తిరుగాట’ యను బృందమును కన్నడదేశమంతటను త్రిప్పినది. 1991లో సుబ్బణ్ణకు మెగసేసే బహుమానము వచ్చినది. పల్లెటూరివారికి సాధ్యమైనది, కళాశాలలును న్యాయస్థానములును గల మన పట్టణములకు అసాధ్యమనుట సిగ్గులేనిమాట.

పరాయివారిని చూపనేల, మన పొరుగున సురభి లేదా? 1885లో కడపసీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధము నాడించెను. తోలుబొమ్మలు ఆడించుకొని బ్రదుకు కుటుంబములు ఆనాడు తామే వేషము కట్టిరి. స్త్రీపాత్రలు పురుషులు ధరించు కాలమున తమ యాడుబిడ్డలనే రంగస్థల మెక్కించిరి. తెరలు, పెట్టెలు, పిల్లలు, ముసలివారు అందరును కలిసి ఊరూర డేరా వేసి, టిక్కెట్టు పెట్టి, ఆ డబ్బుతోనే బ్రదికిరి, తరములతరబడి బ్రదికిరి. వారిని పోషించినది బిరుదము కాదు, డేరా గుమ్మమువద్ద సామాన్యుడు చెల్లించిన కాసు. ఆ వంశమువారిలో నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ బిరుదమిచ్చి సత్కరించిరి, సంతోషమే. కాని ఒకనాడు పదులసంఖ్యలోనున్న ఆ సమాజములు నేడు వ్రేళ్లపై లెక్కింపవలసి వచ్చినవి. బిరుదములు పెరుగుచుండ డేరాలు తరుగుచున్నవనగా లోపమెక్కడనున్నదో గ్రహింపలేమా?

ఒకప్పుడు నాటకమును జూచి ప్రభువులు భయపడిరి. 1876లో ఆంగ్లప్రభుత్వమువారు నాటకప్రదర్శనముల చట్టము చేసి, తమకు నచ్చని ప్రదర్శనమును నిషేధించు అధికారము పుచ్చుకొనిరి. తెరమీద నాలుగు మాటలు పలికినచో సింహాసనము కదలునని వారు నమ్మిరి. ఆ చట్టము స్వరాజ్యము వచ్చిన తరువాతను డెబ్బదియేండ్లకు పైగా పుస్తకములలో పడియుండి 2018లో రద్దయినది. రద్దయిన దినమున పండుగ చేసికొన్నవారు మాకు కానరాలేదు. నిషేధింపదగినంత బలము మన నాటకమునకు మిగిలినచో గదా! పరప్రభుత్వపు చట్టము చేయలేని పనిని మన ఉదాసీనత నిశ్శబ్దముగా చేసినది.

ఉత్సవమునకంటె వాడుక గొప్పదని చెప్పుటకు మదనపల్లెకంటె తగిన యూరు లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు విశ్రాంతికై ఇచ్చటి థియసాఫికల్ కళాశాలకు వచ్చిరి. అక్కడ విద్యార్థులును అధ్యాపకులును కూడి పాడుకొను సభలో ఆయన జనగణమన గీతమును వినిపించిరి. అధ్యక్షుడు జేమ్స్ కజిన్సుగారి సతీమణి మార్గరెట్ కజిన్సు ఆ పాటకు స్వరములను కూర్చుటలో తోడ్పడిరి. కవి తన గీతమునకు ఆంగ్లానువాదమును ఇక్కడనే వ్రాసిరి. అది ప్రభుత్వోత్సవము కాదు, పోటీ కాదు. బహుమతులు లేవు, జ్ఞాపికలు లేవు. పాటలకై కూడు అలవాటున్న ఒక చిన్న సభ సిద్ధముగా నుండెను. కవి వచ్చినప్పుడు ఆ సభ ఆయనను అందుకొనగలిగెను. సభయే లేనిచోటికి ఎంతటి కవి వచ్చినను బస చేసి పోవును, అంతే.

కావున మా సూచన చెప్పెదము. లెక్క కష్టమైనది కాదు. ఒక పట్టణమున మూడువందల కుటుంబములు నెలకు నూరురూపాయల చొప్పున చేరినచో నెలకు ముప్పదివేలు, ఏడాదికి మూడులక్షల అరువదివేలగును. ఆ ధనముతో నెలకొక నాటకము తప్పక ఆడింపవచ్చును. ఒకనెల పద్యనాటకము, ఒకనెల సాంఘికము, ఒకనెల నృత్యరూపకము, ఒకనెల మన వీధిభాగవతులు. తేది మారరాదు, వేళ తప్పరాదు, పాసు ఉండరాదు. అధ్యక్షోపన్యాసములును శాలువలును ఆ రాత్రి నిషిద్ధములు. నటకుని కూలి తెర లేవకముందే చేతిలో పెట్టవలెను. మదనపల్లె చేసిన పుంగనూరు చేయును; పుంగనూరు చేసిన కుప్పము చేయును. మూడు పట్టణములు కలిసినచో ఒక సమాజమునకు ఒక్క ప్రయాణముతో మూడు రాత్రుల పని దొరకును. ఇది భిక్ష కాదు, బేరము. నటకునికి గౌరవము బేరములోనే యున్నది.

ప్రభుత్వముచేయవలసినది లేదా? ఉన్నది. ఉత్సవములకు చేయు వ్యయములో కొంత తగ్గించియైనను ప్రతి పట్టణమునను పెండ్లిండ్లకు కాక నాటకమునకే మీదుకట్టిన చిన్న మందిరమును కట్టింపవలెను. మాట వినబడునట్లును, వెనుకవానికి ముఖము కనబడునట్లును కట్టింపవలెను. పాఠశాలలలో నాటకము నేర్పువారిని నియమింపవలెను. కాని మొదటి అడుగు ప్రభుత్వముది కావలెనని కూర్చున్నచో మన మనుమలు నాటకమను మాటను నిఘంటువులో వెదకికొందురు.

పఠనమందిరములలో ఈ పత్రికను చేతబట్టిన సోదరులారా! ప్రతియేట ఏప్రిల్ 16వ తేదిన, కందుకూరి వీరేశలింగముగారి జయంతినాడు, తెలుగు నాటకరంగ దినోత్సవమని పటమునకు దండవేయుచున్నాము. ఆ దండ విలువకు ఒక టిక్కెట్టు వచ్చును. రామసముద్రపు రైతు తన చందా చెల్లించి తెల్లవార్లు మేలుకొని తన భారతమును తాను బ్రదికించుకొనుచున్నాడు. చదువెరిగిన మనము ఒక్క సాయంకాలము మేలుకొనలేమా? మేలుకొన్నచో నాటకము బ్రదుకును. లేనిచో ఏడునాళ్ల పండుగలు ఏటేట జరుగుచునే యుండును. అవి ఉత్సవములు కావు, సంవత్సరీకములు.