ఊదితే దొరకని మత్తు

వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి కొత్తకోట వైపు బండి తీస్తే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. దారిలో పోలీసులు ఊదించే బ్రీత్ అనలైజర్ మద్యాన్ని పట్టేస్తుంది, గంజాయిని పట్టదు. ఈ కిటుకు కుర్రకారుకు తెలియనిదేమీ కాదు.

చట్టం మాత్రం రెండింటినీ వదల్లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దు గీసింది. మత్తుమందులకు అంకె లేదు. బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని చూపాలి. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

చిక్కంతా రుజువు దగ్గరే. గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి, అలవాటుపడ్డవారిలో వారాల తరబడి నిలుస్తాయి. పోయిన ఆదివారం పీల్చినవాడూ, ఇప్పుడే పీల్చి హ్యాండిల్ పట్టినవాడూ మూత్ర పరీక్షకు ఒక్కటే. తాజా వాడకాన్ని లాలాజల పరీక్ష మెరుగ్గా పసిగడుతుంది. 2018లో గంజాయిని చట్టబద్ధం చేసిన కెనడా, బండి నడిపేవారి రక్తంలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) మిల్లీలీటరుకు 2 నానోగ్రాములకు చేరినా నేరమే అంది.

‘గంజాయి కొడితే నెమ్మదిగానే నడుపుతాం’ అనే వాదన ఒకటుంది. నెమ్మది సరే, ఎదురుగా గొర్రెల మంద వస్తే బ్రేకు మీద కాలు పడేదీ నెమ్మదిగానే!

185 కింద అరెస్టయినవారికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలన్నది 202వ సెక్షన్. ఆ గడువులోగా పరీక్ష పూర్తికావాలంటే లాలాజల కిట్లు హైదరాబాద్‌తో ఆగకుండా వనపర్తి జిల్లా ఠాణాలకూ, ఆసుపత్రులకూ చేరాలి.