అనుమతి ఎంతవరకు?

దుర్గాపూజకు వారం ముందు కోల్‌కతాలో చీరల వ్యాపారం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ వేళ సాల్ట్‌లేక్‌ సెక్టర్‌ ఫైవ్‌లోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్‌ సంస్థలో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడు ఫోన్‌ చేశాడు. ‘‘అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బంగారంలా నడిచింది. సర్వర్‌లో పెడితే 403 అని మొండికేస్తోంది.’’

ఆర్డర్లు తీసుకునే వెబ్‌సైట్‌కూ గోదాముకూ మధ్య రాబిట్‌ఎంక్యూ అనే మెసేజ్‌ బ్రోకర్‌ను పెట్టాడు. పంపేవాడూ అందుకునేవాడూ ఒకేసారి మేలుకుని ఉండనక్కర్లేకుండా, కబుర్లను క్యూలో దాచి అందించే మధ్యవర్తి అది. ఇదే నగరం నుంచి డైమండ్‌ హార్బర్‌కు ఓషాఘ్నెసీ వేసిన తంతి లైను 1851లో పని మొదలెట్టినప్పుడు ఈస్టిండియా కంపెనీ కబుర్లకే పరిమితం. ఎవరి కబురు మోయాలన్న పట్టింపు బ్రోకర్‌కూ ఉంది.

అప్లికేషన్‌కు వచ్చే 403 కారణం చెప్పదు. బ్రోకర్‌ లాగ్‌ ఫైలు చెబుతుంది. చూడమన్నాను. ‘గెస్ట్‌’ అనే యూజర్‌ అదే యంత్రం నుంచి మాత్రమే రావాలని అందులో రాసుంది. 2014లో వచ్చిన 3.3.0 వెర్షన్‌ నుంచీ ఇదే పద్ధతి. అతిథికి ఇంట్లోనే మర్యాద, వీధిలోంచి పిలిస్తే తలుపు తీయరు!

కొత్త యూజర్‌ను సృష్టించాడు. ఈసారి 530. అడ్మినిస్ట్రేటర్‌ హోదా ఇచ్చినా లాభం లేకపోయింది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఆ హోదా నిర్వహణకు సంబంధించింది. కబుర్లుండే వర్చువల్‌ హోస్ట్‌లో అనుమతులు విడిగా ఇవ్వాలి. అవి మూడు: క్యూలను సృష్టించడానికీ తొలగించడానికీ కాన్ఫిగర్‌, పంపడానికి రైట్‌, అందుకోవడానికి రీడ్‌.

విసిగిపోయిన మనవాడు మూడింటికీ ‘.*’ కొట్టాడు, అంటే ఏ పేరైనా సరేనని. అంతా నడిచింది. మర్నాడు గోదాముకు సగం ఆర్డర్లే చేరాయి! సహోద్యోగి ఒకరు అదే యూజర్‌తో పరీక్ష ప్రోగ్రాం నడిపారు. ఒకే క్యూ దగ్గర ఇద్దరుంటే బ్రోకర్‌ వంతులవారీగా పంచుతుంది. పరీక్ష ప్రోగ్రాం తన వంతుకొచ్చిన ఆర్డర్లను ‘అందింది’ అని చెప్పి పారేసింది. బ్రోకర్‌ వాటిని చెరిపేసింది. 403తో పోయింది ఒక పూట. ఈ ఉదారత్వంతో పోయినవి డబ్బు కట్టినవాళ్ల చీరలు. వెబ్‌సైట్‌ డేటాబేస్‌లో నకళ్లు ఉండబట్టి బతికిపోయారు.

ఇప్పుడు వెబ్‌సైట్‌ యూజర్‌కు ఆర్డర్ల ఎక్స్‌చేంజ్‌లో రైట్‌ ఒక్కటే ఉంది. గోదాము యూజర్‌కు ఆర్డర్ల క్యూలో రీడ్‌ ఒక్కటే. పరీక్షలకు వేరే యూజర్‌, ‘టెస్ట్‌’తో మొదలయ్యే పేర్లకే అనుమతి. క్యూలనూ, ఎక్స్‌చేంజ్‌తో వాటి ముడినీ ముందే అడ్మిన్‌ ఏర్పాటు చేశాడు. ఆ ముడి వేయడానికి క్యూలో రైట్‌, ఎక్స్‌చేంజ్‌లో రీడ్‌ కావాలి. తిరకాసుగా ఉంటుంది గానీ లెక్క అదే.

సాయంత్రం మళ్లీ ఫోన్‌. పరీక్ష ప్రోగ్రాంను పొరపాటున అసలు క్యూకు తగిలిస్తే 403 వచ్చిందట. దాన్ని సరిచేయొద్దని చెప్పాను.