ఇంటిపట్టున చదివిన డిగ్రీ

మామిడికుదురులో మా వీధి కోడలొకామె పిల్లలకి క్యారేజీలు సర్ది, మధ్యాహ్నం కొబ్బరి ఈనెలు తీస్తూనే దూరవిద్యలో బి.కాం. ప్యాసయింది. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆఫీసుకి వెళితే, "కాలేజీకెళ్లి చదివింది కాదా అమ్మా?" అని కాగితాలు పక్కన పెట్టేశారట. ఇదెక్కడి న్యాయమండీ!

ఈ చదువు మనకి నిన్నా మొన్నా వచ్చింది కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే పెట్టారు. తర్వాత దానికే అంబేద్కర్ గారి పేరు పెట్టుకున్నారు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, కాలేజీ డిగ్రీతో సమానమేనని యు.జి.సి. 2022 సెప్టెంబరులో మళ్లీ తేల్చి చెప్పింది.

ప్రైవేటు వాళ్ల లెక్క వేరు. కాలేజీ పిల్లయితే నలుగురిలో మాట్లాడుతుంది, చెప్పింది చప్పున అందుకుంటుంది అనుకుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మరి ఇల్లు దిద్దుకుంటూ, రాత్రి పది దాటాక పుస్తకం తీసిన ఓపికని దరఖాస్తులో ఏ గడిలో రాయాలో!

చేరేముందు మాత్రం ఒక్క పని చేయండి. ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యు.జి.సి. దూరవిద్య విభాగం వెబ్‌సైటులో పిల్లల చేత చూపించుకోండి. యూనివర్సిటీ పేరు పెద్దదైతే చాలదు. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017లో సుప్రీంకోర్టు అంది. డబ్బు పోయింది, ఏళ్లూ పోయాయి. నర్సింగు, ఫార్మసీ కూడా దూరవిద్యలో ఇస్తామంటే అసలు నమ్మకండి.

బి.కాం. వాళ్లయితే పక్కన ట్యాలీ కూడా నేర్చుకోండి. లెక్కలు చేసి చూపిస్తే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.