డ్రైవర్‌కు సంతకం ఉంటే చాలా?

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో గుర్తుందా? ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. చాలామంది గమనించని సంగతేంటంటే, ఆ సంస్థ డ్రైవర్‌కు మైక్రోసాఫ్ట్ సర్టిఫికేషన్ ఉంది. అన్ని పరీక్షలూ పాసైన డ్రైవరే! కాకపోతే ఆ రోజు మారింది డ్రైవర్ కాదు, అది చదివే కంటెంట్ ఫైలు. దానికి ఆ సర్టిఫికేషన్ వర్తించదు.

మామూలు యాప్ క్రాష్ అయితే అదొక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో నడిచే డ్రైవర్ తప్పటడుగు వేస్తే సిస్టమ్ మొత్తం కూలుతుంది. అందుకే 64 బిట్ విస్టా నుంచే సంతకం లేని కెర్నల్ డ్రైవర్లను విండోస్ లోపలికి రానివ్వడం లేదు.

అయితే సంతకం చెప్పేది రెండే విషయాలు: ఇది ఎవరిది, మధ్యలో ఎవరైనా మార్చారా లేదా. కోడ్‌లో లోపం లేదని అది హామీ ఇవ్వదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి కొట్టేసిన సర్టిఫికెట్లతో దర్జాగా లోపలికొచ్చింది. 2021లో ‘నెట్‌ఫిల్టర్’ అనే రూట్‌కిట్‌కైతే మైక్రోసాఫ్టే సంతకం పెట్టేసింది. ఇంకో దారి మరీ తేలిక. అసలైన సంతకం ఉన్న, లోపమున్న పాత డ్రైవర్‌ను హ్యాకరే వెంట తెచ్చుకుంటాడు. గెన్షిన్ ఇంపాక్ట్ గేమ్‌లోని యాంటీ చీట్ డ్రైవర్‌తో రాన్సమ్‌వేర్ ముఠా యాంటీవైరస్‌ను ఆపేసిన సంగతి 2022లో బయటికొచ్చింది. బాధితుల కంప్యూటర్లో ఆ గేమ్ ఉండాల్సిన పనే లేదు.

అలాగని సర్టిఫికేషన్ దండగ అనను. చిల్లర మాల్‌వేర్‌కు అది గట్టి అడ్డుకట్టే. కానీ నా దృష్టిలో అంతకంటే పనికొచ్చేది బ్లాక్‌లిస్ట్. లోపమున్న డ్రైవర్ల జాబితాను 2022 అప్‌డేట్ నుంచి విండోస్ 11 డిఫాల్ట్‌గా అమలు చేస్తోంది. చిక్కల్లా, లోపం బయటపడ్డాకే పేరు అందులోకి ఎక్కుతుంది.

సైబర్ సెక్యూరిటీ ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నారా? ‘సంతకం ఉంది కాబట్టి సేఫ్’ అని ఇంటర్వ్యూలో అనకండి. మీ ల్యాప్‌టాప్‌లో సిస్‌మాన్ పెట్టుకుని, డ్రైవర్ లోడైనప్పుడు వచ్చే ఈవెంట్ 6 ఎలా ఉంటుందో చూడండి. అందులోని హ్యాష్‌ను లోల్‌డ్రైవర్స్ జాబితాతో పోల్చండి. సంతకం పక్కాగా ఉన్న డ్రైవర్లు ఆ జాబితాలో ఎన్ని కనిపిస్తాయో మీకే తెలుస్తుంది.