ఎండల దేశమని థర్మోస్టాట్ పీకేస్తారా?

డిసెంబర్ వచ్చిందంటే ఆటోనగర్ షెడ్లలో ఒకటే ఫిర్యాదు: "పొద్దున్నే బండి లాగట్లేదు మేస్త్రీ." సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంటుంది. గేరేసి కదిలిస్తే మాత్రం యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా మూడో గేరు దాటడానికి మొరాయిస్తుంది. వెనక తెల్లపొగ. కొన్ని కిలోమీటర్లు పోయాక, అసలేమీ జరగనట్టు దారిలో పడుతుంది. దీనికి షెడ్డులో దొరికే తీర్పులు రెండే. పంపు విప్పి నాజిళ్లు టెస్టింగుకు పంపాలన్నది ఒకటి. బీఎస్-6 బండ్లింతే, అంతా సెన్సార్ల గోల అన్నది రెండోది. ఈ తీర్పులిచ్చే మేస్త్రీల్లో కొందరు, మొన్నటి మే నెలలో అదే ఇంజిన్‌లోంచి తమ చేత్తోనే ఒక చిన్న భాగాన్ని తీసి పక్కన పడేసి ఉంటారు. అది థర్మోస్టాట్ వాల్వ్.

"మన ఎండలకు అదెందుకండీ? చలిదేశాల వాళ్లకు గానీ!" ఓనర్లు, డ్రైవర్లు, మేస్త్రీలు ముగ్గురూ ఏకమయ్యే మాట ఇదొక్కటే. ముగ్గురిదీ పొరపాటే.

లెక్క చూడండి. రామగుండంలో మే నెల మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలు. లారీ ఇంజిన్ తన నీళ్లు ఉండాలని కోరుకునేది 80 డిగ్రీల పైన. మనకు నిప్పులు చెరిగే ఎండ ఇంజిన్‌కు చల్లటి పూటే. ఇక జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో పది డిగ్రీల లోపు ఉన్నప్పుడు దాని అవస్థ చెప్పనక్కర్లేదు. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సిలిండర్ గోడలు చల్లగా ఉంటే ఆ వేడిని అవే తాగేస్తాయి. డీజిల్ ఆలస్యంగా, అరకొరగా మండుతుంది. మండని భాగమే ఆ తెల్లపొగ. టర్బోను తిప్పాల్సిన పొగలో ఊపుండదు. ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది. కొత్త బండ్లలోనైతే నీళ్లు చల్లగా ఉన్నాయని సెన్సార్ చెప్పేదాకా కంప్యూటరే డీజిల్‌కు కళ్లెం వేస్తుంది.

ఈ దశ త్వరగా దాటించడానికే థర్మోస్టాట్. అందులోని మైనం కరిగి ఉబ్బేదాకా అది నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వదు, ఇంజిన్‌లోనే తిప్పుతుంది. దాన్ని పీకేస్తే మొదటి నిమిషం నుంచే నీళ్లు రేడియేటర్‌కెళ్లి చల్లారి వస్తాయి. తేలిక లోడుతో, వాలు రోడ్డు మీద టెంపరేచర్ ముల్లు రోజంతా కిందే వేలాడుతుంది. డ్రైవరేమో "ఇంజిన్ చల్లగా ఉంది, భలే" అని మురిసిపోతాడు.

అసలు వాల్వు తీసే అలవాటు ఊరికే రాలేదు. అది మూసుకుపోయి ఇరుక్కుంటే ఘాట్ రోడ్డు మీద లోడు బండి నీళ్లు మరిగి హెడ్ గాస్కెట్ పోతుంది. ఆ దెబ్బ తిన్నవాడి భయం నిజమైనదే. కానీ వాల్వు ఎందుకు ఇరుక్కుంది? దాబా దగ్గర దొరికిన బోరునీళ్లు రేడియేటర్‌లో పోసి, తుప్పూ సున్నమూ పేరబెట్టినందుకు. కూలెంట్ పోసి, వాల్వు కొత్తది వేస్తే తీరే సమస్య. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం మేస్త్రీతనం కాదు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే పక్కదారి రంధ్రాన్ని మూస్తుంది. వాల్వు లేకపోతే ఆ దారి తెరిచే ఉండి, వేడినీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తాయి. వేడి తగ్గాలని తీస్తే, భారీ లోడులో వేడి పెరుగుతుంది!

బీఎస్-6 మీద ఏడ్చేవాళ్లకూ ఇక్కడే జవాబుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న లారీల్లో ఎక్కువ వాటికి పొగగొట్టంలో యూరియా ద్రావణం చల్లే ఏర్పాటుంది. పొగ సుమారు 200 డిగ్రీలు వేడెక్కితే తప్ప ఆ చల్లడం సరిగా మొదలవదు. మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రపడాలన్నా ఇంజిన్ వేడి కావాలి. వేడి రానివ్వకుండా చేసి, లైటు వెలిగింది, పవర్ తగ్గిందని కంపెనీని తిట్టి లాభమేమిటి?

సగం మంది డ్రైవర్లకు తెలిసిన వైద్యం, పొద్దున్నే అరగంట న్యూట్రల్‌లో వదిలేయడం. పెద్ద లారీ అలా నిలబడి గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. లోడు లేని డీజిల్ ఇంజిన్ వేడెక్కేది మాత్రం నత్తనడకన. మండని డీజిల్ గోడలు కడుగుతూ ఆయిల్‌లో కలుస్తుంది. మరి అరగంట ఆగితే బండి బాగా కదులుతోంది కదా అంటారు. నిజమే, చాలాసార్లు దానికి కారణం ఇంజిన్ కాదు, బ్రేకు. రాత్రంతా గాలి దిగిపోయిన ట్యాంకుల్లో మళ్లీ ఐదారు బార్లు నిండేదాకా వెనక స్ప్రింగు బ్రేకులు పూర్తిగా వదలవు. గాలి మీటరు నిండనివ్వండి, ఆయిల్ ప్రెజర్ చూసుకోండి, ఆపైన తక్కువ రేసుతో మెల్లగా నడపండి. నడిస్తేనే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది.

పంపు మీద స్పానర్ పెట్టేముందు చేతితో చేసే పరీక్ష ఒకటుంది. చల్లటి బండిని స్టార్ట్ చేసి, ఫ్యానుకు దూరంగా చెయ్యి పెట్టి రేడియేటర్ పై హోసు పట్టుకోండి. ఇంజిన్ వేడెక్కుతున్నా హోసు చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలిందంటే వాల్వు ఉంది, పనిచేస్తోంది. మొదటి నుంచీ ఇంజిన్‌తోపాటే గోరువెచ్చగా ఎక్కుతోందంటే, వాల్వు లేదు, లేదా తెరిచే ఇరుక్కుంది. విప్పినదాన్ని గిన్నెలో నీళ్లలో వేసి మరిగించండి. దాని మీద చెక్కిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

ప్రతి పికప్ లోపం థర్మోస్టాట్‌దేనని నేననడం లేదు. నల్లపొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, టర్బో హోసుల క్లాంపులు చూడాలి. పొగే లేకుండా పీలగా పోతుంటే డీజిల్ ఫిల్టర్, లైనులో గాలి. బండి వేడెక్కాక కూడా లాగకపోతే అప్పుడు పంపు సంగతి మాట్లాడుకోవచ్చు.

ఓనర్లకు ఒక్క మాట. ఈసారి మేస్త్రీ థర్మోస్టాట్ తీసేద్దామంటే ఒప్పుకోకండి. ఇదివరకే తీసేసి ఉంటే, ఆ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన డిగ్రీలదే తెప్పించి, మీ ఎదుటే బిగించమనండి. పంపు విప్పడానికి ఒప్పుకునేది ఆ తర్వాతే.